బంతి ఎవరు, ఆటగాడెవరు?

ఆటల భాషలో పడకగది ముచ్చట్లు చెప్పి నవ్వించడం లోకమంతటా ఉన్నదే. గోలు, సిక్సరు, వికెట్టు, బేసు, కుస్తీపట్టు... ఏ దేశంలో ఏ ఆటకు జనం ఎగబడతారో ఆ ఆట మాటలే అక్కడి మోటు సరసానికి ముడిసరుకు. మానసిక శాస్త్రజ్ఞులు, జానపద పరిశోధకులు, లైంగిక విద్య చెప్పే ఉపాధ్యాయులు దీని గురించి వందేళ్ళకు పైగా రాస్తూనే ఉన్నారు. ఆ రాతలనూ ఆ జోకులనూ ఒకచోట పెట్టి చూడాలనుకున్నప్పుడు, జర్మనీ నైరుతి మూలన ఉన్న కైసర్స్‌లౌటర్న్ కంటే అనువైన ఊరు నాకు కనిపించలేదు.

లక్ష మంది ఉండే ఊరది. నడిమధ్యన బెట్సెన్‌బెర్గ్ గుట్ట, దాని మీద ఫ్రిట్జ్ వాల్టర్ స్టేడియం. 1954లో బెర్న్ నగరంలో హంగరీని 3-2తో ఓడించి పశ్చిమ జర్మనీ ప్రపంచకప్పు గెలిచిన రోజు మైదానంలో ఉన్న పదకొండు మందిలో ఐదుగురు ఈ ఊరి క్లబ్బు ఆటగాళ్ళే. 1998లో ఇదే క్లబ్బు కింది డివిజన్ నుంచి పైకొచ్చిన మరుసటి ఏడాదే బుండెస్‌లిగా గెలిచింది. అంతకుముందూ ఆ తర్వాతా అది ఎవరి వల్లా కాలేదు. ఊరి పక్కనే రామ్‌స్టైన్ వైమానిక స్థావరం. సైనికులు, ఉద్యోగులు, కుటుంబాలు కలిపి దాదాపు 50 వేల మంది అమెరికన్లు చుట్టుపక్కల ఉంటారు. ఈ ఊరిని వాళ్ళు ‘కె-టౌన్’ అంటారు. మూడోది విశ్వవిద్యాలయం. దాని చుట్టూ ఫ్రౌన్‌హోఫర్, మాక్స్ ప్లాంక్ సంస్థలు, 1988లో మొదలైన కృత్రిమ మేధ పరిశోధన కేంద్రం. అక్కడ చదివే భారతీయుల్లో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. జర్మన్ల ఫుట్‌బాల్, అమెరికన్ల బేస్‌బాల్, మన క్రికెట్... మూడు ఆటల కొంటె భాషలూ ఒకే బస్సులో, ఒకే బార్లో వినిపించగల ఊరు ఇది.

ఈ జోకులన్నిటినీ నేను ఒకే ప్రశ్నతో కొలుస్తాను: ఇందులో స్త్రీ ఆటగత్తెనా, బంతా? లేక మగవాళ్ళు ఆడుకునే మైదానమా? బూతు ఎంత ఘాటుగా ఉంది, మాట ఎంత పచ్చిగా ఉంది అన్నవి నాకు ఆ తర్వాతి లెక్కలు. ఇద్దరూ ఆడే ఆటలో ఎంత పచ్చి మాటైనా చెల్లుతుంది. ఒకరు ఆడి మరొకరు తన్నులు తినేచోట ఎంత సున్నితమైన శ్లేష కూడా దెబ్బే.

దీనికి మొదటి ఆధారం ఫ్రాయిడ్ దగ్గరే ఉంది. 1905లో హాస్యం మీద రాసిన పుస్తకంలో ఆయన బూతు జోకుకు ముగ్గురు మనుషులు కావాలంటాడు: చెప్పేవాడు, ఎవరి గురించి చెబుతున్నాడో ఆ స్త్రీ, విని నవ్వే మూడోవాడు. మొదట ఆమెకే చెప్పిన మాట, మూడోవాడు రాగానే ఆమె గురించిన మాట అయిపోతుంది. అప్పటిదాకా ఎదుటి మనిషిగా ఉన్న ఆమె వినోద వస్తువవుతుంది, విన్నవాడు చెప్పినవాడి జట్టులో చేరతాడు. ఫ్రాయిడ్ చెప్పినవాటిలో కాలం కొట్టేసినవి చాలా ఉన్నాయి కానీ ఈ ముక్కోణం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆటల జోకులు స్టేడియం గ్యాలరీలోనూ సైనిక బారకాసులోనూ ఎందుకంత జోరుగా పుడతాయో దీంతో తెలిసిపోతుంది. ఆ రెండు చోట్లా మూడోవాళ్ళు వేలల్లో ఉంటారు, రెండో మనిషి మాత్రం ఉండదు.

జానపద పరిశోధకుడు ఆలన్ డండెస్ 1978లో అమెరికన్ ఫుట్‌బాల్ మీద రాసిన వ్యాసం ఇంకో అడుగు వేసింది. ఆ ఆటలో వాడే మాటల్లో చాలావాటికి లైంగిక సూచన ఉందని, మగవాళ్ళు ప్రత్యర్థి మగవాళ్ళను లొంగదీసి అవమానించే తంతే ఆ ఆట అని ఆయన వాదన. అన్ని వివరాలూ నన్ను ఒప్పించలేదు. ప్రతి మాటలోనూ మర్మాంగాన్ని వెతికితే ఎక్కడో ఒకచోట దొరకకపోదు. కానీ ఒక విషయం ఆయన సరిగ్గా పట్టాడు. ఈ హాస్యంలో పోటీ మగవాడికీ మగవాడికీ మధ్య. స్త్రీ పేరు దానికి సాకు మాత్రమే.

అమెరికన్ బేస్‌బాల్ దీనికి సూటైన రుజువు. ముద్దు దాకా వెళితే మొదటి బేసు, చేతుల దాకా వెళితే రెండోది, అలా మూడోదీ దాటితే ఇంటికి చేరి పరుగు సాధించినట్టు. ఈ మెట్ల లెక్క గత శతాబ్దం నడుమ నుంచి అమెరికన్ కుర్రకారు నోట ఉంది. 1977లో మీట్ లోఫ్ పాడిన ‘పారడైజ్ బై ది డాష్‌బోర్డ్ లైట్’ పాటలో కారులో జంట సరసానికి అసలు సిసలు బేస్‌బాల్ వ్యాఖ్యాత ఫిల్ రిజూటో చేత వ్యాఖ్యానం చెప్పించారు. ఆ పాటలో అమ్మాయికి కూడా గొంతుంది, ఆట మధ్యలో ఆపి నిలదీస్తుంది. అది పాతబడకపోవడానికి నాకు తోచిన కారణం అదే.

1991లో లైంగిక విద్య ఉపాధ్యాయురాలు డెబొరా రాఫ్‌మన్ ఈ పోలికను విప్పి చూపింది. బేస్‌బాల్‌లో రెండు జట్లు ఎదురెదురు. ఒకరు పరుగు తీయాలి, ఇంకొకరు అడ్డుకోవాలి. ఒకరు గెలిస్తే ఇంకొకరు ఓడినట్టే. బ్యాటు పట్టినవాడెవడో, మైదానమెవరో చెప్పకుండానే అందరికీ తెలుసు. అదే బాటలో 2012లో ఆల్ వెర్నాకియో అనే ఫిలడెల్ఫియా ప్రాంతపు ఉపాధ్యాయుడు టెడ్ ప్రసంగంలో బేస్‌బాల్‌ను వదిలేసి పిజ్జాను తీసుకుందామన్నాడు. ఆకలేసినప్పుడు తింటాం, ఏం వేయించుకోవాలో ఇద్దరూ మాట్లాడుకుంటాం, గెలుపోటములు ఉండవు. పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి పోలిక లేదు. అయితే ఆయన ప్రతిపాదనలో ఒక లోటుంది. పిజ్జాతో పాఠం నడుస్తుంది గానీ సరసం నడవదు. సరసానికి కవ్వింపు కావాలి, కొంచెం పోటీ కావాలి, ఎవరు ముందు నవ్వుతారోనన్న ఉత్కంఠ కావాలి. అవన్నీ ఆటలోనే ఉన్నాయి.

పోలిక మాటల దగ్గర ఆగిపోదని చూపించిన ఉదంతం 2016లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బయటపడింది. పురుషుల సాకర్ జట్టు, కొత్తగా చేరిన మహిళా జట్టు క్రీడాకారిణుల మీద ‘స్కౌటింగ్ రిపోర్టు’ తయారుచేసుకుంది. ఒక్కొక్కరికీ రూపాన్ని బట్టి మార్కులు వేశారు. మైదానంలో ఆమె ఆడే స్థానం పక్కనే పడకలో ఆమెకు తగిన భంగిమ రాశారు. విషయం తెలిసి విశ్వవిద్యాలయం పురుషుల జట్టు మిగతా మ్యాచ్‌లన్నీ రద్దు చేసింది. ఆ స్త్రీలు బెంచీ మీద చూస్తూ కూర్చున్నవాళ్ళు కాదు. అదే మైదానంలో అదే ఆట ఆడేవాళ్ళు. అయినా సాటి ఆటగాళ్ళ కాగితం మీద వాళ్ళు బంతులే అయ్యారు. ఈ రకం హాస్యానికి ఇంతకంటే స్పష్టమైన నమూనా నాకు తెలియదు.

మళ్ళీ కైసర్స్‌లౌటర్న్‌కు వద్దాం. బేస్‌బాల్‌ను ఈ ఊరికి తెచ్చిన సైన్యం 1950ల మొదట్లో పెద్దఎత్తున దిగింది. ఆ కాలం మీద చరిత్రకారిణి మరియా హోన్ 2002లో వెలువరించిన ‘జీఐస్ అండ్ ఫ్రాలైన్స్’ గ్రంథం కైసర్స్‌లౌటర్న్, బౌమ్‌హోల్డర్ ఊళ్ళ గురించినదే. బార్లు పుట్టగొడుగుల్లా లేచాయి, డాలర్లు పారాయి, చర్చీలు గగ్గోలు పెట్టాయి. నిఘా, కేసులు, చెడ్డపేరు మాత్రం స్త్రీల వాటా. నల్లజాతి సైనికులతో తిరిగిన స్త్రీల మీద ఆ కత్తి ఇంకా పదునుగా వేలాడిందని ఆమె రికార్డులతో చూపిస్తుంది. ‘స్కోరు’ అన్న మాట వెనుక ఉన్న అసలు లెక్క ఇది. ఒకరి ఖాతాలో పరుగుగా పడింది ఇంకొకరి ఖాతాలో కళంకంగా పడింది.

ఆ సంస్కృతి మీద సైన్యమే చీపురు పట్టిన రోజొకటి వచ్చింది. అంతకుముందు రామ్‌స్టైన్‌లో, యూరప్‌లోని అమెరికా వైమానిక దళానికి అధిపతిగా ఉన్న జనరల్ మార్క్ వెల్ష్, 2012లో మొత్తం వైమానిక దళానికి అధిపతి కాగానే ప్రపంచమంతటా ఉన్న కార్యాలయాలను తనిఖీ చేయించాడు. అభ్యంతరకరమైన బొమ్మలు, పుస్తకాలు, రాతలు 30 వేలకు పైగా తేలాయి. పైలట్ల దళాల్లో తరాలుగా పాడుకునే బూతు పాటల పుస్తకాల మీద ఒక మహిళా సార్జెంట్ చేసిన ఫిర్యాదు ఆ కాలంలోనే వచ్చింది. తనిఖీతో హాస్యం చచ్చిపోయిందని గొణిగినవాళ్ళున్నారు. ఒకే గదిలో పనిచేస్తూ రోజూ తన గురించిన పాట వినాల్సిన మనిషికి అది హాస్యంగా ఎన్నడూ లేదు.

జర్మన్ల తీరు వేరు. వాళ్ళ భాషలో రతికి ముందరి సరసానికి ఉన్న మామూలు మాటే ‘ఫోర్‌ష్పీల్’, ముందాట. పెళ్ళాన్ని వదిలి పక్కకు పోయినవాణ్ణి పరాయి మైదానంలో మ్యాచ్ ఆడుతున్నాడంటారు. ఈ శ్లేష వ్యాపారమైన ఏడాది 2006. ఆ ప్రపంచకప్పు అధికారిక నినాదం, లోకమంతా స్నేహితుల ఇంటికి అతిథులుగా వస్తోందని చెప్పేది. కొలోన్ నగరంలోని పాషా అనే వేశ్యాగృహం ఆ నినాదంలో ‘స్నేహితులు’ అన్నచోట ‘స్నేహితురాళ్ళు’ అని మార్చి, అర్ధనగ్న స్త్రీ బొమ్మ కింద పాల్గొనే దేశాల జెండాలన్నీ పరిచి, మేడ ఎత్తున పోస్టరు వేలాడదీసింది. బెదిరింపులు వచ్చాక సౌదీ, ఇరాన్ జెండాలకు నల్లరంగు పూసింది. ఆ సౌదీ జట్టే జూన్ 23న కైసర్స్‌లౌటర్న్‌లో స్పెయిన్ చేతిలో 0-1తో ఓడింది. ఆ టోర్నీలో ఈ ఊళ్ళో ఐదు మ్యాచ్‌లు జరిగాయి.

అదే సమయంలో జర్మన్ మహిళా మండలి బలవంతపు వ్యభిచారానికి వ్యతిరేకంగా ప్రచారం మొదలుపెట్టి దానికి ‘ఆబ్‌ఫిఫ్’ అని పేరుపెట్టింది. మ్యాచ్ ముగింపుకు రిఫరీ ఊదే ఈల అది. శ్లేషను శ్లేషతోనే కొట్టారు. టోర్నీ కోసం 40 వేల మంది స్త్రీలను బలవంతంగా తరలిస్తారన్న అంకె ఆ రోజుల్లో పత్రికలన్నిటా తిరిగింది. చివరికి టోర్నీతో నేరుగా ముడిపడినవిగా అధికారులు తేల్చిన కేసులు ఐదు. ఆ అంకె పెంచినదేనన్నది నిజం. అయినా రిఫరీ ఈలను స్త్రీల చేతికి ఇచ్చిన ఆ ఊహ విలువ అంకెతో తగ్గదు. ఆట ఆపే హక్కు ఎవరిదన్న ప్రశ్న అందులో ఉంది.

ఆ హక్కును షేక్‌స్పియర్ నాలుగు వందల ఏళ్ళ కిందే గమనించాడు. ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ నాలుగో అంకంలో విలువిద్య మాటలతో, గోలీల్లాంటి బౌల్స్ ఆట మాటలతో పచ్చి సరసం నడుస్తుంది. స్త్రీలు అందులో వినేవాళ్ళే కారు, బాణం వేసేవాళ్ళు కూడా. మాట హద్దు దాటిందనిపించినప్పుడు చాలించమనేది కూడా వాళ్ళలో ఒకరైన మేరియానే. ఆడినంతసేపు ఆడి ఆపమన్నప్పుడు ఆగే ఆట అది.

క్రికెట్ దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. 1991 ఆగస్టులో ఓవల్ మైదానంలో బోథమ్ హిట్ వికెట్ అయినప్పుడు బీబీసీ రేడియోలో జొనాథన్ ఆగ్న్యూ, అతను కాలు దాటించలేకపోయాడని, ఇంగ్లిషు వాడుకలో రతిని కూడా సూచించే రెండర్థాల మాట అన్నాడు. పక్కనున్న బ్రయాన్ జాన్‌స్టన్ నవ్వు ఆపుకోలేక ఊపిరందని గొంతుతో స్కోరు చదవడానికి పడిన అవస్థ ఈనాటికీ జనం వెతుక్కుని వింటారు. అందులో నొచ్చుకునేవాళ్ళే లేరు. మన వైపు 2019లో హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్ ఒక టీవీ ముచ్చట్లలో స్త్రీల గురించి వాగిన వాగుడుకు సస్పెండయ్యారు, తలా 20 లక్షలు జరిమానా కట్టారు. మరుసటి ఏడాది ఐపీఎల్‌లో కోహ్లీ తడబడితే, లాక్‌డౌన్‌లో అతను అనుష్క బౌలింగే ఆడాడని గావస్కర్ అన్నాడు. ఇంటి దగ్గర వాళ్ళిద్దరూ ఆడుకున్న వీడియో గురించే తాను అన్నానని ఆయన వివరణ. నేను ఆ వివరణను నమ్ముతాను. కానీ లక్షల మంది దాన్ని ఇంకోలా విని నవ్వుకున్నారు. భర్త ఆట బాగోలేకపోతే తన పేరు ఎందుకు లాగుతున్నారని ఆమె అడిగిన ప్రశ్నా న్యాయమైనదే. ద్వంద్వార్థంలో రెండో అర్థాన్ని కొన్నిసార్లు వినేవాళ్ళే తయారుచేస్తారు.

మన భాషకొస్తే రతికి క్రీడ అన్న పేరు ఏనాటి నుంచో ఉంది: రతిక్రీడ, జలక్రీడ, సయ్యాట. ఓరుగల్లు వీధుల్లో కోడిపందేలూ, పొట్టేళ్ళ పందేలూ, వేశ్యవాడలూ ఒకే రోజు నడకలో చూపించే కావ్యానికి ‘క్రీడాభిరామం’ అని పేరు. వాత్స్యాయనుడు సురతాన్ని కలహంతో పోల్చాడు. ఆ కలహంలో ఇద్దరూ యోధులే. దెబ్బకు ఎదురుదెబ్బ ఎలా ఉండాలో కూడా ఆయన చెప్పాడు. క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది ఎక్కువగా నాయికే. వచ్చినవాణ్ణి ఆమె ఎగతాళి చేస్తుంది, లెక్క అడుగుతుంది, వాకిలి దగ్గరే నిలబెడుతుంది.

పుస్తకాల దాకా పోనక్కర్లేదు, పెళ్ళిపందిరే చాలు. పూబంతులాటలో వధూవరులు ఎదురెదురుగా కూర్చుని బంతి విసురుకుంటారు. బిందెలో ఉంగరం కోసం ఇద్దరి చేతులూ వెతుకుతాయి. తలంబ్రాల్లో ఎవరి దోసిలి ముందన్నదే పోటీ. చుట్టూ చేరిన ముత్తైదువలు మగపెళ్ళివారి మీద పాడే ఎగతాళి పాటల్లో మాట ఎంత మోటుగా పోయినా ఎవరూ నోరు మూయించరు. వియ్యపురాలు నవ్వుతూ తిరిగి అంటిస్తుంది. తొలిరాత్రి దగ్గరికొచ్చిన ఇద్దరు కొత్తవాళ్ళకు, ఇది ఇద్దరాట అని చేతులతో నేర్పించే బడి అది. వెర్నాకియో పిజ్జాలో వెతికింది మనకు పూలబంతిలో ఉంది, నవ్వుతో సహా.

ఆ నవ్వు మన తెరమీదికి వచ్చేసరికి ఒంటిచేతి ఆటైపోయింది. కబడ్డీ, కుస్తీ, చెడుగుడు అంటూ సాగే యుగళగీతాల్లో కూతకు వెళ్ళేవాడు ఎప్పుడూ హీరోనే, గీత అవతల ఆమె. 2013లో మొదలైన ‘జబర్దస్త్’ తరహా స్కిట్లలో ఆడవేషం వేసిన మగవాళ్ళ మీదే మాటలు విసిరి నవ్విస్తారు. ఫ్రాయిడ్ చెప్పిన రెండో మనిషిని పూర్తిగా బయటికి పంపేసి ఆమె చీర మాత్రం ఉంచుకున్నారు. కుర్రవాళ్ళ వాడుక కొంత నయం. ప్రేమలో పడ్డవాణ్ణి ‘క్లీన్ బౌల్డ్’ అంటారు. అక్కడ బంతి అమ్మాయి చేతిలో ఉంది, అవుటయినవాడు అబ్బాయి.

స్త్రీ ఆటగత్తె అయితే లోకం ఎంత కంగారుపడుతుందో ముద్దుపళని కథ చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఆమె రాసిన ‘రాధికాసాంత్వనము’లో సరసానికి చొరవ స్త్రీది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని అచ్చువేయిస్తే మరుసటి ఏడాది ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. మగకవులు అంతకు పదింతలు రాసినవి అంగట్లో దొరుకుతూనే ఉన్నాయి. నిషేధం ఎత్తేసింది 1947లో, టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రీమియర్‌గా ఉన్నప్పుడు.

జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య చేసిన పని చదివినప్పుడల్లా నాకు ముద్దుపళనే గుర్తొస్తుంది. 1954లో ఫ్రిట్జ్ వాల్టర్ బృందం ప్రపంచకప్పు గెలిచిన ఉత్సాహంలో ఆడవాళ్ళు కూడా మైదానాల్లోకి దిగితే, 1955 జులైలో సమాఖ్య క్లబ్బులన్నిటికీ తాఖీదిచ్చింది: ఆడవాళ్ళకు జట్లు పెట్టకూడదు, మైదానం ఇవ్వకూడదు. బంతి కోసం పెనుగులాటలో స్త్రీ సొగసు పోతుందట, ఒంటిని అలా ప్రదర్శించడం మర్యాదకు భంగమట. ఆటలో స్త్రీ కనబడగానే వాళ్ళకు తోచింది ఒళ్ళే. నిషేధం 1970లో పోయింది కానీ జోకులు మిగిలాయి. ఆ ఏడాదే టీవీ క్రీడా కార్యక్రమంలో వ్యాఖ్యాత విమ్ టోల్కె, ప్రత్యర్థిని కాపు కాయడానికీ భోజనాల బల్ల మీద గుడ్డ పరచడానికీ జర్మన్‌లో మాట ఒకటే కాబట్టి, పరచాల్సింది బల్లను కాదమ్మా మగవాణ్ణి అన్న ధోరణిలో ఆడవాళ్ళకు పాఠం చెప్పాడు. పశువుల దాటింపుకూ అదే మాట. 1989లో మహిళలు యూరప్ ఛాంపియన్లయితే సమాఖ్య వాళ్ళకిచ్చిన బహుమానం పూలబొమ్మల కాఫీ కప్పుల సెట్టు.

2003లో షాల్కె చేతిలో ఓడిన కోపంలో బేయర్న్ గోల్‌కీపర్ ఒలివర్ కాన్, మాకు కావలసింది ‘గుడ్లు’ అన్నాడు. మగతనం అని ఆయన భావం. ఆ మాట జర్మనీలో సామెతై కూర్చుంది. పదహారేళ్ళ తర్వాత, 2019 ప్రపంచకప్పుకు ముందు, కొమెర్జ్‌బాంక్ ప్రకటనలో జర్మన్ మహిళా జట్టు క్రీడాకారిణులు కాఫీ కప్పులను గుర్తుచేసి, తమ పేర్లయినా తెలియని దేశం కోసం ఆడుతున్నామని చెప్పి, తమకు గుడ్లు అక్కర్లేదని, తమకు గుర్రపుతోకలున్నాయని అన్నారు. గుర్రపుతోక అంటే జుట్టును ఎత్తి కట్టే పోనీటెయిల్. జర్మన్ బజారు భాషలో తోక అంటే ఏమిటో ఆ దేశంలో అందరికీ తెలుసు. ఇంతవరకు చెప్పుకున్న జోకులన్నిటిలో పచ్చిదనంలో ఇది దేనికీ తీసిపోదు. ఈసారి చెప్పేది వాళ్ళు, బంతి వాళ్ళ కాళ్ళ దగ్గర ఉంది, ఫ్రాయిడ్ గారి మూడో స్థానంలో కూర్చుని నవ్వింది దేశం మొత్తం.